ముప్ఫై ఆరో మెట్టుకు ఎదురుగా

పదకొండో మెట్టు దగ్గర జడ్జిగారు ఆగుతారు. అందరూ అక్కడే ఆగుతారు, ఆయాసం వచ్చి కాదు, అక్కడ గోడలో బెత్తెడు సందు ఒకటుంది, దానిలోంచి చల్లగాలి ముఖానికి తగలగానే ఎంత తొందరలో ఉన్న మనిషైనా ఒక్క క్షణం నిలబడిపోతాడు, నూటపాతికేళ్ళుగా జనం అలా నిలబడి నిలబడే ఆ మెట్టు మిగతావాటికంటే లోతుగా అరిగింది. ఈ బురుజుకు మెట్లు తొంభై. వాటిలో ఒక్కటి కూడా నేను ఎక్కలేదు, కానీ ఏ మెట్టు ఎంత అరిగిందో, ఏ మలుపులో తల వంచాలో, ఏ గూట్లో పావురాలు కాపురం పెట్టాయో నన్నడగండి, కళ్ళు మూసుకుని చెబుతాను. పార్కు వెనక గుట్ట మీద, చక్రాల కుర్చీకి రెండు బ్రేకులూ వేసుకుని, ఒళ్ళో డ్రాయింగుల చుట్ట పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ముప్ఫై అడుగుల దూరంలో బురుజు, మధ్యలో ఉత్త గాలి. ఆ గాలిలోనే నేను వేయబోయే వంతెన ఉంది, ప్రస్తుతానికి అది నాకొక్కదానికే కనిపిస్తోంది. కమిటీవాళ్ళు నలుగురూ ఇప్పుడే అటువైపు తలుపులోంచి లోపలికి వెళ్ళారు, తలుపు కిర్రుమనడం ఇక్కడికి వినిపించింది. వెళ్ళే ముందు జడ్జిగారు నా మీదికి వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, నిదానంగా, "నువ్విక్కడే కూర్చోమ్మా, మేం చూసొచ్చి గంటలో తేల్చేస్తాం," అన్నారు. నాకు చెవులు శుభ్రంగా పనిచేస్తాయి సార్, పనిచేయనివి కాళ్ళు, అందామనుకుని ఊరుకున్నాను. పని కావాలంటే కొన్ని మాటలు మింగాలి, మింగడంలో నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఉంది.

గొడవ పైకి చూస్తే చిన్నదే. ఒక నియమం ఏమంటుందంటే, ప్రజలకు తెరిచే ఏ కట్టడాన్ని మరమ్మతు చేసినా ఆ తర్వాత అక్కడికి అందరూ వెళ్ళగలగాలి, నాలాంటివాళ్ళతో సహా. ఇంకో నియమం ఏమంటుందంటే, వందేళ్ళు దాటిన కట్టడంలో ఒక్క రాయి కదపకూడదు. రెండూ మంచి నియమాలే, రెండూ మంచివాళ్ళు రాసినవే, మంచి తోడికోడళ్ళు ఇద్దరున్న ఇల్లులాంటిది ఇది, విడివిడిగా ఎవరినీ తప్పుపట్టలేం, వంటగది మాత్రం ఒక్కటే. పాతరాళ్ళ ప్రొఫెసరుగారు రాయి కదిపితే ఒప్పుకోనంటారు. ఎవరో కంపెనీవాళ్ళు బురుజు పక్కన ఇనప లిఫ్టు ఒకటి నిలబెట్టి, పైన రెండు చోట్ల గోడ కోస్తామన్నారు, ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, ముసలాయన నడుముకు గ్యాసు సిలిండరు కట్టినట్టుంది. ఇక పార్కుల ఆఫీసరుకు ఈ తలనొప్పులేవీ అక్కర్లేదు, ఆయన దగ్గర తాళం ఉంది. "ఎవరూ ఎక్కకపోతే అందరూ సమానమే కదండీ మేడమ్," అన్నాడు మొన్న, నవ్వుతూ, నిజంగానే అది తెలివైన మాట అనుకుంటూ. ఈ నెలాఖరులోగా కమిటీ ఏదో ఒకటి తేల్చకపోతే ఆ తాళం పడుతుంది, పడిన తాళం మళ్ళీ తీయించడం ఎవరి తరం కాదు, తుప్పు పట్టేదాకా చూసి, ప్రమాదకరం అని బోర్డు పెట్టి, ఆ తర్వాత కూల్చేస్తారు, ఇలా పోయిన కట్టడాలు నేను నా చేత్తో కొలిచినవే మూడున్నాయి.

ఇప్పుడు ఇరవయ్యో మెట్టు అయి ఉంటుంది. వాళ్ళతో నా మనిషి ఒకడున్నాడు, కొలతల బాబాయి. సొంత బాబాయి కాదు, సర్వే ఆఫీసులో రిటైరై నా దగ్గర చేరాడు, అరవై అయిదేళ్ళు, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టేపు ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా నేను ఎక్కలేని ప్రతి చోటికీ నా బదులు ఆయనే ఎక్కి, ఫోను చెవిలో పెట్టుకుని, అంగుళం అంగుళం చెబుతాడు, నేను కింద కూర్చుని గీస్తాను. ఈ బురుజును అలాగే గీశాను, నలభై రోజులు పట్టింది. ఆఫీసర్ల ముందు నన్ను మేడమ్ గారూ అంటాడు, వాళ్ళు పక్కకు వెళ్ళగానే అమ్మాయ్ అంటాడు, రెండు పిలుపుల మధ్య గొంతు కూడా మార్చేస్తాడు, నాటకాలాడే మనిషి. ఆయన మోకాళ్ళ నొప్పుల సంగతి ఆలోచిస్తే నాకు కాస్త తప్పు చేస్తున్నట్టు ఉంటుంది, ఆ మాట అంటే మాత్రం కోప్పడతాడు.

ఎక్కడం గురించి నాకు పట్టింపు ఉంది, దాచుకోను. మూడో తరగతిలో మమ్మల్నందరినీ ఈ పార్కుకే తీసుకొచ్చారు. టీచరుగారు వాచ్‌మన్‌ను పిలిచి, పాపని కాస్త ఎత్తుకుని పైకి తీసుకెళ్ళవయ్యా అన్నారు, ఆయన చేతులు చాచాడు, మంచివాడే, బీడీ వాసన వచ్చింది, నేను రానన్నాను. అప్పటికే ఎత్తుకోవడాలు నాకు ముఖం మొత్తిపోయాయి. రెండేళ్ళ వయసులో జ్వరమొచ్చి కాళ్ళు పోయిన దగ్గర్నుంచి నన్ను ఎత్తనివాళ్ళు లేరు, అక్క వీపు మీద, మేనమామ భుజం మీద, ఎవరెవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ళ చేతుల మీద, బస్తా బతుకైపోయింది. "ఒక్కసారి ఎత్తించుకుంటే నీ సొమ్మేం పోయిందే మొండిదానా," అంది అమ్మ తర్వాత, ఏమో, ఏదో పోతుందనిపించింది, తొమ్మిదేళ్ళప్పుడు అనిపించిన మాట నాకిప్పటికీ సరైనదిగానే తోస్తోంది. అందరూ సంచులు నా చుట్టూ పడేసి పరుగెత్తారు. ముప్ఫై సంచులకు కాపలా కూర్చున్నాను. దిగొచ్చాక ఏం కనిపించిందే అంటే ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు, ఒకతి చెరువంది, ఒకతి మన బడి కప్పంది, ఒకడు ఏమీ లేదు అన్నీ చిన్నగా ఉన్నాయి అన్నాడు. వాళ్ళ మాటలన్నీ కూర్చి నోటు పుస్తకం చివరి పేజీలో ఆ పైనుంచి కనిపించే ఊరిని గీశాను, తప్పుల తడక, కానీ ఆ తప్పుల తడకే నాకు అన్నం పెట్టింది, చూడని వాటిని ఇతరుల మాటల మీద గీయడం అక్కడే మొదలైంది నాకు.

గాలి మారింది. కింద ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు, పచ్చి వాసన గుట్ట మీదికి వస్తోంది, డ్రాయింగుల అంచు రెపరెపలాడుతోంది, మోచేత్తో నొక్కి పట్టుకున్నాను. ఈ గుట్ట లేకపోతే నా వంతెన లేదు. చిత్రమేమిటంటే నూటపాతికేళ్ళుగా ఇది ఇక్కడే ఉంది, బురుజును కొలిచినవాళ్ళు ఎందరో, ఒక్కరికీ కనిపించలేదు. మా వృత్తిలో కొలత గడప దగ్గర మొదలవుతుంది, గడపకు సున్నా అని పేరు పెట్టి అక్కడి నుంచి పైకి వెళతాం, అటువైపు గడప ముందు నిలబడ్డవాడికి బురుజు పాదం, ఆకాశం తప్ప ఇంకేం కనిపిస్తాయి. నేను గడప దాకా పోలేను, ముందర పన్నెండు మెట్ల అరుగుంది. అందుకని మొక్కలవాళ్ళు తోపుడుబండ్లు తోసుకునే దారిన, చుట్టూ తిరిగి, ఎవరి సాయం లేకుండా నా చేతులతో నేనే చక్రాలు తిప్పుకుంటూ ఈ గుట్ట మీదికి వచ్చాను, వచ్చి తలెత్తితే ఎదురుగా బురుజు మధ్య వసారా, ముప్ఫై ఆరో మెట్టు, దాదాపు నా ఎత్తులోనే, చెయ్యి చాస్తే అందేలా. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బాబాయి కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. వసారా పిట్టగోడలో ఇటువైపే మూడడుగుల దారి కూడా వదిలారు పాతకాలం వాళ్ళు, దీపాల నూనె డబ్బాలు తాడుతో లాక్కోవడానికి, ఇప్పుడు చెక్క తలుపుతో మూసి ఉంది. వంతెన ఒక కొస గుట్ట మీద, రెండో కొస తన కాళ్ళ మీద తాను నిలబడి బురుజును తాకకుండా ఆగుతుంది, ఒక్క రాయి కదలదు. ఇంతకంటే ఏం కావాలి ఎవరికైనా.

పైన తలుపు చప్పుడైంది. వచ్చారు. వసారా పిట్టగోడ మీదుగా ముందు ఆఫీసరు బుర్ర, తర్వాత ప్రొఫెసరు టోపీ, ఆ వెనక జడ్జిగారు, పొట్టి మనిషి, గడ్డం దాకానే గోడ పైన కనిపించారు, చివర వయొలిన్ మాస్టారు. మాస్టారికి చూపు లేదు, మా వికలాంగుల సంఘం తరఫున కమిటీలో ఉన్నారు, సంగీతం పాఠాలు చెబుతారు, డెబ్భై ఏళ్ళు. ఆయన చెయ్యి గోడను తడుముతూ రావడం ఇక్కడికి తెలుస్తోంది. ముప్ఫై ఆరు మెట్లూ ఆయనే అందరికంటే సులువుగా ఎక్కి ఉంటారు, మెట్లు అరిగిన గుంటలే దారి చెబుతాయమ్మా, పాదం తనంతట తనే మధ్యకు జారుతుంది, అని మురిసిపోయారు పోయినసారి. అదే మాస్టారు పోయిన వారం వాళ్ళింటి సంగీతం గదిలో నన్ను కూర్చోబెట్టుకుని కుండబద్దలు కొట్టినట్టు అడిగారు, "సగం ఎక్కించి సంతోషించమంటున్నావా అమ్మాయ్?" అని. నేను నవ్వేసి, పై దాకా నన్ను తీసుకెళ్ళాలంటే ఆ మెట్ల గుండ్రాన్ని పగలగొట్టాలి మాస్టారూ, అప్పుడు మీ పాదానికి దారి ఎవరు చెబుతారు, అన్నాను. "లాయరు కావాల్సినదానివి," అన్నారు. మాటకు మాట అప్పజెప్పాను గానీ ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న బండి వెనక సీట్లో కూర్చునే ఉంది. నాకు పై దాకా వెళ్ళాలని ఉంది, ఎందుకుండదు, మిగతా యాభై నాలుగు మెట్ల పైనుంచి ఉత్తరం వైపు కొండల వరస కనిపిస్తుందట, మధ్య వసారా నుంచి అది కనిపించదు, చెట్లు అడ్డం. దాన్ని నానుంచి ఎవరూ లాక్కోలేదు, నేనే లెక్క చూసుకుని వదులుకున్నాను, వదులుకోవడం నాకు నొప్పిగానే ఉంది. ఆ వదులుకున్నదానికి బదులుగా ఈ సగం మాత్రం పూర్తిగా కావాలి. ఈ గుట్ట చుట్టూ చెట్లు నాకు కనిపించనివ్వని చెరువు, ఊరు, బడి కప్పు, అన్నీ చిన్నగా ఉండటం. నాకు, నాలాంటివాళ్ళందరికీ, ఎవరి చేతుల మీదా కాకుండా.

బాబాయి మడత కుర్చీ ఒకటి మోసుకెళ్ళినట్టున్నాడు మాస్టారి కోసం, విప్పుతున్న చప్పుడు. మంచి పని చేశాడు. మాస్టారు కూర్చున్నారు. కూర్చోగానే మాయమయ్యారు. పిట్టగోడ రాయి మీద తెల్లజుట్టు మాత్రం మిగిలింది, గాలికి కాస్త కదులుతూ. నేను చూస్తూనే ఉన్నాను, ఏదో ముద్దొచ్చే దృశ్యం చూసినట్టు, ఒక క్షణమో రెండు క్షణాలో, ఆ తర్వాత తట్టింది. ఆయన ముఖం నాకు కనిపించడం లేదంటే ఆయన కళ్ళు ఉన్నచోట రాయి ఉంది. ఆయన కళ్ళతో ఆయనకు పనిలేదు కనుక ఆయన చెప్పరు. రేపు ఆ వంతెన మీదుగా వెళ్ళి నేను ఆగేది అక్కడే, ఆ ఎత్తులోనే.

చుట్ట విప్పాను. రెండుసార్లు తప్పు కాగితం తీశాను. మూడోది, బురుజును నిలువునా కోసినట్టు చూపే బొమ్మ. మధ్య వసారాలో మావయ్య నిలబడి ఉన్నాడు. డ్రాయింగుల్లో ఎత్తు తెలియడానికి మనిషి బొమ్మ ఒకటి పెడతాం, అయిదున్నర అడుగులు, ఒక కాలు కాస్త ముందుకు, రేకు అచ్చు పెట్టి గీసేస్తాం, ఆఫీసులో ఆయన పేరు మావయ్య. ఇరవై ఆరేళ్ళుగా నా ప్రతి బొమ్మలోనూ మావయ్య నిలబడే ఉన్నాడు, బాల్కనీల్లో, మేడల మీద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద. ఇక్కడ ఆయన కంటి నుంచి చెరువు దాకా నేనే చుక్కల గీత గీసి, చూపు అని రాశాను, నా చేతిరాతతో, ముద్దుగా. పిట్టగోడ నాలుగడుగులు. కుర్చీలో కూర్చున్న నా కన్ను మూడడుగుల తొమ్మిదంగుళాలు, నా కన్ను ఎత్తు నాకు నోటికి వచ్చు, అద్దాలు బిగించేవాడి దగ్గర్నుంచి బ్యాంకు కౌంటరు దాకా దానితోనే పోట్లాడతాను. అయినా గీసేటప్పుడు నా బదులు మావయ్యను నిలబెట్టాను. నలభై రోజులు కూర్చుని, కూర్చునే గీసి, నన్ను నేను మర్చిపోయాను. ఆఫీసరు మర్చిపోతే దుమ్మెత్తిపోసేదాన్ని. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఫోను మోగింది, బాబాయే. గొంతు తగ్గించి, "అమ్మాయ్, అంతా బాగుంది. ప్రొఫెసరుగారు ఆ చెక్కతలుపు చూసి మెత్తబడ్డారు. పైకి వెళ్ళొచ్చి సంతకాలు పెట్టేట్టున్నారు," అన్నాడు.

"పిట్టగోడ కొలవండి బాబాయ్."

ఆయన పద్దెనిమిదేళ్ళు నాతో ఉన్నాడు, ఎందుకని అడగలేదు. టేపు సర్రుమంది. "నాలుగు," అన్నాడు, అంటూనే మాస్టారి వైపు చూసి ఉంటాడు. "ఎవరూ గమనించలేదు. ముందు సంతకాలు కానియ్యి. తర్వాత సవరణ పెట్టుకుందాం, నీకు పుణ్యముంటుంది."

తర్వాత. ఎంత తీయటి మాట. తర్వాత పెట్టే సవరణలు ఏ బీరువాలో నిద్రపోతాయో నాకు తెలుసు, వాటిని లేపడానికి ఎన్ని గుమ్మాలెక్కాలో, ఎక్కలేని దాన్ని ఎన్ని గుమ్మాల ముందు కూర్చోబెడతారో కూడా తెలుసు. వంతెన వస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది, ఆ మర్నాడు ఏ పదేళ్ళ పిల్లో తన చక్రాలు తానే తిప్పుకుంటూ అంత దూరం వెళ్ళి రాయి చూసి తిరిగి వస్తుంది, ఏం కనిపించిందే అని వాళ్ళమ్మ అడిగితే ఏం చెబుతుంది. ఇప్పుడు చెబితే ఆఫీసరు తాళం చేతిలోకి తీసుకుంటాడు, చూశారా, ఆవిడకే లెక్క కుదరలేదు అంటాడు. అంటాడు సరే. అయితే కుదిర్చి చెప్పాలి. గోడ కోయడానికి లేదు. గోడ తగ్గించలేకపోతే నేల పెంచాలి. నిలబడేవాళ్ళకు పిట్టగోడ మూడున్నర అడుగులకు తగ్గకూడదని నియమం, అంటే ఆరు అంగుళాలు నా చేతిలో ఉన్నాయి. నేల మీద ఆరంగుళాల చెక్క నేల, ఊరికే పరిచి, మేకు కొట్టకుండా. నా కన్ను నాలుగడుగుల మూడంగుళాలకు వస్తుంది, రాయి మీద మూడంగుళాల లోకం, మూడంగుళాలు చాలు, ఊరంతా పడుతుంది అందులో. మెట్ల తలుపు దగ్గర మూడడుగులు వదిలేయాలి, లేకపోతే మాస్టారి పాదం తగులుతుంది. వంతెన కొస ఆరంగుళాలు పైకి వస్తుంది, గుట్ట వసారా కంటే తొమ్మిదంగుళాలు ఎత్తు, మూడంగుళాల వాలు మిగులుతుంది, పలకల మధ్య సందులుంటాయి, వాన నీళ్ళకు ఢోకా లేదు. పైగా నెట్టుకోవడం ఇంకా తేలిక. ఇంత సులువా. తప్పు ఎంత పెద్దదో దిద్దుబాటు అంత చిన్నది, మావయ్య అడ్డం నిలబడకపోతే మొదటిరోజే తట్టేది.

"జడ్జిగారికి ఫోనివ్వండి బాబాయ్."

"మేడమ్ గారూ," అన్నాడు ఆయన, అప్పుడే పక్కకు ఎవరో వచ్చినట్టున్నారు, ఆ రెండు మాటల్లోనే వద్దే అని బతిమాలాడు. అయినా ఇచ్చాడు.

"సార్, ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటారా, ఇటు తిరిగి," అన్నాను. మాస్టారు లేచిన చప్పుడు, ఆయన నవ్వు, "కూర్చోండి సార్, నాకు చూడాల్సిందేముంది." గోడ మీద నుంచి జడ్జిగారి గడ్డం, ముక్కు, నుదురు ఒక్కొక్కటే దిగిపోయాయి.

"ఏం కనిపిస్తోంది సార్?"

"గోడ కనిపిస్తోందమ్మా." కాస్త విసుగ్గా. ఒక క్షణం తర్వాత విసుగు లేకుండా, "గోడే."

"నేను గీసిన బొమ్మ తప్పు సార్. నిలబడ్డ మనిషి కంటితో లెక్క వేశాను. తప్పు నాదే." వెనక ఆఫీసరు గొంతు లేచింది, అందుకే సార్ నేను మొదట్నుంచీ అంటున్నది, అని. ఆయన్ని పూర్తి చేయనివ్వలేదు. "మీ పక్కన మరమ్మతుకు తెచ్చిన పరంజా చెక్కలు పేర్చి ఉన్నాయి సార్, ఒక్కోటి ఒకటిన్నర అంగుళం మందం. నాలుగు వేయించి వాటి మీద కుర్చీ పెట్టించండి. మా బాబాయి పట్టుకుంటాడు, పడరు."

ఒప్పుకోకపోతే ఏం చేయాలో నాకు తెలియదు, దానికి ఇంకో లెక్క లేదు నా దగ్గర. తర్వాత చెక్క మీద చెక్క పడిన చప్పుడు, ఒకటి, రెండు, మూడు, బాబాయి మూలుగు, నాలుగు. పిట్టగోడ రాయి మీద ముందు బట్టతల లేచింది, తర్వాత కనుబొమలు, తర్వాత కళ్ళద్దాలు, వాటి వెనక కళ్ళు. ఆ కళ్ళు చెరువు వైపు వెళ్ళాయి, ఊరి వైపు తిరిగాయి, నెమ్మదిగా ఇటు వచ్చాయి. ఆయన కన్నూ నా కన్నూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి, ఇద్దరం కూర్చునే ఉన్నాం, మధ్యలో ముప్ఫై అడుగుల గాలి. ఆయన ఫోను బాబాయికి తిరిగి ఇచ్చేశారు.

"ఎదురుగానే ఉన్నాంగా, ఫోనెందుకు," అన్నారు, మామూలు గొంతుతో. గాలి ఇటువైపే వీస్తోంది, వినిపించింది. "ఇంకేమైనా మర్చిపోయారా?"

"ఉంటే నేనే చెబుతాను సార్."

"రాయికి మేకు కొడతారా?" ప్రొఫెసరుగారు. కొట్టనండీ, కావాలంటే ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు, అన్నాను. ఆయన టోపీ ఊగింది. "అయితే ఆ ఆరంగుళాలు ఎర్ర పెన్నుతో దిద్ది, పక్కన పొడి సంతకం పెట్టి పంపించండి. దాని మీదే మేం సంతకాలు చేస్తాం," అన్నారు జడ్జిగారు. నా జేబులో ఎర్ర పెన్ను లేదు. బాబాయి సంచిలో ఉంటుంది, తెస్తాడు. నా కళ్ళు తడిసినట్టున్నాయి, ఎవరు చూస్తే నాకేం.

"పై అంతస్తు చూడాలి కదా సార్, అజెండాలో ఉంది," అన్నాడు ఆఫీసరు. మాస్టారు అప్పటికే గోడ మీద చెయ్యి వేసి మెట్ల తలుపు వైపు నడుస్తున్నారు. ఆయన వెనక ప్రొఫెసరు, ఆ వెనక ఆఫీసరు కదిలారు. జడ్జిగారు కుర్చీలోంచి లేవలేదు. "మీరు వెళ్ళి రండి," అన్నారు వాళ్ళతో, తల తిప్పకుండా. "నేనింకా చూస్తున్నాను."